పుట్టుకతో వినపడని పదిహేనేళ్ల తమ్ముడు ఇంగ్లీషు నేర్చుకోగలడా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి పదిహేనేళ్లు, పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఏడో తరగతి దాకా బధిరుల హాస్టల్ బడిలో ఉండి సంజ్ఞా భాష నేర్చుకున్నాడు. ఇప్పుడు నర్సంపేట దగ్గర సొంత ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తెలుగు తడబడుతూ చదువుతాడు. ఇంగ్లీషు ట్యూషన్ పెట్టిస్తే మూడు వందల పదాలు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాస్తున్నాడు, కానీ సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోతున్నాడు. ట్యూషన్ మాస్టారు 'సైగలు మాన్పించండి, పెదవులు చూసి నేర్చుకుంటాడు' అంటున్నారు. మిర్చి సాగు చేసే మీ నాన్నగారు 'తెలుగే సరిగా రానివాడికి ఇంగ్లీషు ఎందుకు' అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఈ విషయంలో ఇద్దరి మాటా వినవద్దు. మీ తమ్ముడు ఇంగ్లీషు చదవగలడు, రాయగలడు. సంజ్ఞలు మాన్పిస్తే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. అతనికి బాగా వచ్చిన భాష చేతుల్లో ఉంది. కొత్త భాష ఆ భాష మీదుగానే రావాలి. మనకు ఇంగ్లీషు తెలుగు మీదుగా రాలేదా? అలాగే. ఇంగ్లీషును నోటితో పలికే పాఠంగా పక్కన పెట్టి, కంటితో చూసే భాషగా నేర్పండి. రోజూ నలభై నిమిషాలు ఇలా నడిస్తే ఆరు నెలల్లో ఫోనులో మూడు నాలుగు వాక్యాల సందేశం రాస్తాడు. రెండేళ్లలో చిన్న కథలు తనంతట తాను చదువుతాడు. నేను హనుమకొండలో ఇరవై మూడేళ్లుగా బధిర పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఈ లెక్క నా దగ్గర చదివిన పిల్లలను చూసి చెబుతున్నదే.

ముందుగా పెదవుల సంగతి. అద్దం ముందు నిలబడి గొంతు పైకి రాకుండా 'పాలు, బాలు, మాలు' అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. ఇంగ్లీషులో 'ప్యాట్, బ్యాట్, మ్యాట్' అన్నా అంతే. 'క, గ' అయితే గొంతు దగ్గరే పుట్టి అక్కడే అయిపోతాయి, పెదవుల మీద ఏమీ కనబడదు. భాష ముందే వచ్చినవాడు పెదవులు చూసి, మిగిలిన ఖాళీలను తనకు తెలిసిన భాషతో పూరించుకుంటాడు. మీ తమ్ముడికి ఇంకా రాని భాషను పెదవుల నుంచి ఏరుకోమంటే, చదవడం రానివాడికి సగం చెరిపేసిన పుస్తకం ఇచ్చినట్టే. మాస్టారు చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. 1880లో మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. అక్కడ చేరినవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. బడుల్లో సంజ్ఞలు వద్దు, మాటే నేర్పాలని వాళ్లు తీర్మానం చేశారు. ఆ తీర్మానం దేశదేశాల బడుల్లో తరాల పాటు నడిచింది. అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో కూడినప్పుడు ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం తెలిపింది. అయినా ఆ పాత మాట ఇంకా మన ట్యూషన్ గదుల దాకా వస్తూనే ఉంది.

ఆ మాట నేనూ నమ్మాను. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు పిల్లల నోటి ముందు సన్నని కాగితపు ముక్క పట్టుకుని కూర్చునేదాన్ని. పలికితే కాగితం కదలాలి. ములుగు వైపు నుంచి వచ్చిన పదేళ్ల బాబు ఒకడు మూడు నెలలు నా చేతిని తన గొంతుకు ఆనించుకుని, తన చేతిని నా గొంతుకు ఆనించి, 'పప్పు' అనడం నేర్చుకున్నాడు. వాళ్ల అమ్మ విని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఆ మూడు నెలల్లో వాడు చదివిన కొత్త వాక్యం మాత్రం ఒక్కటీ లేదు. అదే వయసులో వినగలిగిన పిల్లవాడు ఆ మూడు నెలల్లో ఎన్ని సంగతులు తెలుసుకుని ఉంటాడో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మాట నేర్పడం తప్పని నేను అనను. వినికిడి యంత్రంతో కొంత వినబడే పిల్లలకు అది ఎంతో మేలు చేస్తుంది. ఆ మాట వచ్చేదాకా చదువును ఆపడమే తప్పు.

సంజ్ఞా భాష అంటే ఇంగ్లీషును చేతులతో చూపించడం అనుకోవద్దు. చాలామంది టీచర్లకు కూడా ఈ సంగతి తెలియదు. భారతీయ సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికి ఉంది. క్రియ చివర వస్తుంది. ప్రశ్న పదం చివర వస్తుంది. 'కాదు, లేదు' అన్నదీ చివరే. జరిగిపోయిన సంగతి చెప్పాలంటే ముందు 'నిన్న' అని చూపించి తర్వాత విషయం చెబుతారు, క్రియ రూపం మారదు. 'ఈజ్, ఆర్' లాంటి మాటలు లేవు, 'ఎ, ద' లేవు. ఒక్కసారి ఆలోచించండి, ఇందులో చాలా భాగం మన తెలుగే. 'నీ పేరు ఏమిటి' అని తెలుగులో ఎలా వరుసగా అంటామో సంజ్ఞల్లోనూ అదే వరుస. ఇంగ్లీషులో ఆ వరుస తిరగబడి 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అవుతుంది. 'ఆయన డాక్టరు' అన్నప్పుడు తెలుగులో మధ్యలో ఏమీ ఉండదు, సంజ్ఞల్లోనూ ఉండదు. ఇంగ్లీషుకు మాత్రం అక్కడ ఒక 'ఈజ్' కావాలి. అంటే మీ తమ్ముడు దాటాల్సిన వాగు, మీరు చిన్నప్పుడు దాటినదే. తేడా ఏమిటంటే మీకు చుట్టూ ఇంగ్లీషు మాటలు చెవిన పడుతూ ఉండేవి, బస్సులో, టీవీలో, క్లాసులో. అతనికి కంటబడితేనే ఉన్నట్టు.

అందుకే అతను రాసే తప్పులను తెలివితక్కువతనంగా చూడకండి. 'యెస్టర్‌డే ఐ మార్కెట్ గో' అన్న వరుసలో రాస్తే అది సంజ్ఞా భాష వ్యాకరణం, పద్ధతి ప్రకారమే ఉంది. స్పెల్లింగ్ విషయంలో అయితే బధిర పిల్లలు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తారు. 'నైఫ్' అన్న మాటలో పలకని 'కె' మిగతా పిల్లలందరినీ ఇబ్బంది పెడుతుంది, వీళ్లను పెట్టదు. వాళ్లకు పలికేదీ పలకనిదీ లేదు, అక్షరాల వరుస ఒక బొమ్మలాగా మనసులో నిలుస్తుంది. మీ తమ్ముడు మూడు వందల పదాలు తప్పు లేకుండా రాయడం వెనుక ఉన్నది ఆ శక్తే. అది మెచ్చుకోవలసిన సంగతి.

ఇక ఆ మూడు వందల పదాలు వాక్యం ఎందుకు కాలేదో చెబుతాను. జాబితాగా నేర్చుకున్న ప్రతి పదానికీ అతని దగ్గర ఒకే ఒక్క అర్థం ఉంది. నా దగ్గర పరకాల నుంచి వచ్చే అబ్బాయి ఒకడు 'హి లెఫ్ట్ ద హౌస్' అన్న వాక్యానికి బొమ్మ గీశాడు. ఇల్లు గీసి, ఎడమ పక్కన మనిషిని నిలబెట్టాడు. 'లెఫ్ట్' అంటే ఎడమ అని వాడికి బాగా తెలుసు. వెళ్లిపోవడం అన్న అర్థం ఎవరూ చెప్పలేదు. వినగలిగిన పిల్లవాడికైతే ఆ రెండో అర్థం ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. వీళ్లకు ఎవరో ఒకరు కావాలని చూపిస్తే తప్ప రాదు.

మీ ఇంట్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. మిర్చి. ఈసారి మీ నాన్నగారు కళ్లంలో కాయ ఆరబోసినప్పుడు తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక కాయ చేతిలో పెట్టండి. మిరపకాయ అన్న సంజ్ఞ చూపించండి. తర్వాత ఆ మాటను వేళ్లతో అక్షరం అక్షరంగా చూపండి. తర్వాత కాగితం మీద రాయండి. రాసిన దాన్ని వేలితో చూపించి మళ్లీ సంజ్ఞ చేయండి. వస్తువు, సంజ్ఞ, వేలి అక్షరాలు, రాత, మళ్లీ సంజ్ఞ. ఈ గొలుసు తెగకూడదు. మన దేశపు వేలి అక్షరాలు రెండు చేతులతో చేసేవి. ఇంగ్లీషు ఐదు అచ్చులూ ఎడమ చేతి ఐదు వేళ్ల కొనల మీద ఉంటాయి. బొటనవేలు 'ఎ', చూపుడువేలు 'ఇ', మధ్యవేలు 'ఐ', ఉంగరపువేలు 'ఓ', చిటికెనవేలు 'యు'. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు ఇలా, ఎడమచేతి వాటమైతే అటు మారుతుంది. మీరు ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. యూట్యూబులో ఒంటి చేత్తో చేసే అమెరికా అక్షరాలు కనబడతాయి, వాటి జోలికి పోకండి, అతనికి హాస్టల్లో నేర్పినవి మనవే.

ఇప్పుడు 'ద చిల్లీ ఈజ్ హాట్' అని రాయండి. అతను తప్పకుండా 'వేడి' అని సంజ్ఞ చేస్తాడు. ఎండలో కాయ కూడా వేడిగానే ఉంటుంది, కాబట్టి తప్పని కూడా అనిపించదు. అప్పుడు నీడలో చల్లారిన కాయ ఒకటి తెచ్చి నాలుకకు తాకించండి. నోరు మండగానే 'హాట్' అని చూపించండి. టీ గ్లాసు తెచ్చి ముట్టుకోమని అదే 'హాట్' చూపించండి. ఒకే మాట, రెండు సంజ్ఞలు. పుస్తకంలో ఒక పేజీ మధ్యలో ఆ మాట రాసి, ఒక పక్క మిరపకాయ, ఇంకో పక్క ఆవిరి వచ్చే గ్లాసు గీయించండి. మన చపాటా మిర్చి ఉంది కదా, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, ఎర్రగా, టమాటాలా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. దాన్ని పక్కన పెట్టి 'ఇట్ ఈజ్ రెడ్. ఇట్ ఈజ్ నాట్ వెరీ హాట్' అని రాయించండి. తన చేతిలో ఉన్న వస్తువు గురించి, తనకు నిజంగా తెలిసిన సంగతి గురించి రాసిన మొదటి రెండు వాక్యాలు అవి అవుతాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు నాన్నతో వెళ్లే అలవాటు ఉంటే ఇంకా మంచిది. బస్తాలు, తూకం, రేటు, తేదీ, అన్నీ కంటికి కనబడే మాటలు.

వాక్యం కట్టడానికి గళ్ల పద్ధతి వాడండి. ఇది నా సొంతం కాదు. ఎడిత్ ఫిట్జెరాల్డ్ అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు, తనూ బధిరురాలే, 1926లో ప్రచురించిన పద్ధతికి దగ్గరగా నేను నడుపుకుంటున్నది. పేజీని అడ్డంగా తిప్పి ఐదు గళ్లు గీయండి. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎక్కడ, ఎప్పుడు. ఒక్కో గడికి ఒక్కో రంగు పెన్ను. ముందు సంగతంతా సంజ్ఞల్లో చెప్పనివ్వండి. చెప్పేశాక 'ఎవరు' అని అడిగి మొదటి గడి నింపించండి, తర్వాత రెండోది. క్రియ చివరి నుంచి లేచి రెండో గడిలోకి రావడం అతను కంటితో చూడాలి. నేను క్రియ పదాన్ని చిన్న అట్టముక్క మీద రాసి, పేజీ చివర నుంచి రెండో గడిలోకి చేత్తో జరిపిస్తాను. వంద సార్లు చెప్పినా ఎక్కనిది అలా పది సార్లు జరిపిస్తే ఎక్కుతుంది.

చిన్న మాటలు, క్రియ తోకలు చాలా కాలం ఏడిపిస్తాయి. 'ఎ, ద, టు, ఆన్' లాంటివీ, క్రియ చివర చేరే 'ఇ-డి', 'ఎస్' లాంటివీ. వాటికి చేతితో చూపగల బొమ్మ లేదు. మొదటి ఏడాది వాటి మీద దెబ్బలాడవద్దని నా సలహా. రాసినప్పుడు మీరు సరిగ్గా రాసి చూపండి, అతను వదిలేస్తే వదిలేయనివ్వండి. ఒక్కదాన్ని మాత్రం వదలకండి. 'ద బాయ్ వాజ్ పుష్డ్ బై ద గర్ల్' లాంటి వాక్యం. దాన్ని చాలామంది బధిర పిల్లలు అబ్బాయే అమ్మాయిని తోశాడని చదువుతారు, ఎందుకంటే అబ్బాయి ముందు ఉన్నాడు. సైన్సు, సాంఘిక శాస్త్రం పుస్తకాల నిండా ఇలాంటి వాక్యాలే. అర్థం తలకిందులై పరీక్షలో జవాబు తలకిందులవుతుంది. ఇద్దరు పిల్లలను నిలబెట్టి నిజంగా తోయించి, 'వాజ్', 'బై' రెండింటినీ ఎర్ర పెన్నుతో చుట్టి, ఎవరు తోశారో చూపించమని అడగండి. పదో తరగతి లోపు ఇది వచ్చి తీరాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సాధనం గురించి చెబుతాను. ఒక నోటు పుస్తకం కొనండి. అందులో మీరూ అతనూ ఒకరికొకరు ఇంగ్లీషులో రాసుకోండి. మీరు హనుమకొండలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఊరికి వెళతారని రాశారు, కాబట్టి మధ్య రోజుల్లో వాట్సాప్ చాలు. అతను రాసిన దాని మీద ఎర్ర పెన్ను పెట్టవద్దు. కాజీపేట నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల అమ్మాయి మొదటి రోజు 'మదర్ హాస్పిటల్ గో' అని మూడే మాటలు రాసి పుస్తకం నా ముందు పెట్టింది. నేను దిద్దలేదు. కింద, 'ఓ! యువర్ మదర్ వెంట్ టు ద హాస్పిటల్? వై డిడ్ షి గో?' అని రాశాను. ఆ పాప చాలాసేపు చూసి, 'వెంట్' మీద వేలు పెట్టి ఏమిటని అడిగింది. చెప్పాను. మర్నాడు 'మదర్ వెంట్ హాస్పిటల్. షుగర్' అని వచ్చింది. ఎనిమిది నెలలు గడిచాక ఒక సోమవారం పేజీ నిండా రాసుకొచ్చింది. మేడారం జాతరకు వెళ్లిన సంగతి, తులాభారం వేసి బెల్లం పంచిన సంగతి, జనంలో చిన్న తమ్ముడు తప్పిపోతే తను చెట్టెక్కి చూసి పట్టుకున్న సంగతి. తప్పులు పదిహేను ఉన్నాయి. నేను వాటిని లెక్కపెట్టింది ఈ జవాబు కోసం, ఆ రోజు కాదు. ఇప్పుడు ఆ అమ్మాయి కుట్టుమిషను పెట్టుకుంది. కొలతలు, తేదీలు, 'బ్లౌజ్ రెడీ' కబుర్లు అన్నీ సందేశాల్లోనే నడుపుకుంటుంది.

తెలుగు సరిగా రానిదే ఇంగ్లీషు ఎందుకన్న మీ నాన్నగారి మాట గురించి. ఆయన బాధలో నిజం ఉంది. మీ తమ్ముడికి తెలుగూ కొత్త భాషే, విని నేర్చుకున్నది కాదు కదా. కానీ ఒకటి పూర్తయ్యేదాకా రెండోదాన్ని ఆపితే ఇరవై ఏళ్లు వచ్చేస్తాయి. రెండూ పక్కపక్కన నడిపించండి. మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు. నాలుగు, ఐదు తరగతుల పుస్తకాలు పక్కింటి పిల్లల దగ్గర అడిగి తీసుకోండి. రెండు పేజీల మధ్య ఒకే బొమ్మ, ఒకే విషయం. ఒక పేరా తెలుగులో చదివి సంజ్ఞల్లో చెప్పమనండి, తర్వాత ఎదురు పేజీలో అదే సంగతి ఎక్కడుందో వేలితో వెతకమనండి. తొమ్మిదో తరగతి కుర్రవాడికి నాలుగో తరగతి పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు, అందుకని పిల్లల కథల జోలికి పోకుండా పరిసరాల విజ్ఞానం నుంచి మొదలుపెట్టండి.

ఇక ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటి. ఒకసారి 'మై గ్రాండ్‌మదర్స్ నేమ్ ఈజ్' అని రాసి ఖాళీ వదిలి నింపమన్నాను. పద్నాలుగేళ్ల అబ్బాయి, చురుకైనవాడు, ఖాళీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంగ్లీషు రాక అనుకున్నాను. తర్వాత ముక్కు పక్కన వేలు పెట్టి ముక్కుపుడక అని చూపించాడు. వాళ్ల ఇంట్లో నాయనమ్మకు అదే సంజ్ఞ. ఆమెకు ఒక పేరు ఉందని, ఊళ్లోవాళ్లు ఆ పేరుతో పిలుస్తారని అతనికి పద్నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే మిగతా పిల్లలకు ఎవరూ చెప్పలేదు, వాళ్లు విన్నారు. ఇంట్లో అన్నాల దగ్గర అందరూ నవ్వుతుంటే 'ఏమైంది' అని అడిగిన బధిర పిల్లవాడికి 'తర్వాత చెబుతాను' అన్న జవాబే వస్తుంది, ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ఇంగ్లీషు పాఠంలో వాడికి అడ్డం పడేది చాలాసార్లు ఇంగ్లీషు కాదు, ఆ చెప్పని కబుర్లు. కాబట్టి మీరూ, మీ అమ్మగారూ, వీలైతే నాన్నగారూ సంజ్ఞా భాష నేర్చుకోండి. ఢిల్లీలో 2015లో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల మాటల వీడియో నిఘంటువు తయారుచేసింది. వాళ్ల యూట్యూబ్ చానెల్లో, సైన్ లెర్న్ అనే యాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజుకు ఐదు మాటలు చాలు. మీ తమ్ముడినే గురువుగా పెట్టుకోండి. తనకు తెలిసినది అక్కకు నేర్పుతున్నానన్న ఉత్సాహంతో అతను ఇంగ్లీషు దగ్గర కూడా నిటారుగా కూర్చుంటాడు. నేను ఇది చాలా ఇళ్లలో చూశాను.

కూర్చునే తీరు కూడా చూసుకోండి. కిటికీకి వీపు పెట్టి మీరు కూర్చుంటే మీ ముఖం అతనికి నల్లగా కనబడుతుంది. వెలుతురు మీ ముఖం మీద, చేతుల మీద పడాలి. అతను రాస్తుండగా మీరు సంజ్ఞ చేయకండి, ఉన్నవి రెండే కళ్లు, అవి పుస్తకం మీద ఉన్నాయి. ఆగి, తలెత్తాక చెప్పండి. ట్యూషన్ మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడతారేమో కనుక్కోండి. ఇరవై నిమిషాలకు ఒకసారి కళ్లకు విశ్రాంతి ఇవ్వండి, చూడడం వినడం కంటే త్వరగా అలసట తెస్తుంది.

కళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. పుట్టుకతో వినపడని పిల్లలందరికీ ఒకసారి కంటి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. మామూలు కళ్లజోడు లోపం ఉన్నా చదువు సగం పోతుంది. మసక వెలుతురులో తడుముకోవడం, సాయంత్రం పూట గడపకు కాలు తగిలి తూలడం, పక్కనున్న వస్తువు కనబడకపోవడం గమనించారా? ఉంటే ఆలస్యం చేయకుండా రెటీనా చూసే డాక్టరుకు చూపించండి. అషర్ సిండ్రోమ్ అనే జన్యు స్థితిలో పుట్టుకతో వినికిడి లోపంతో పాటు ఎదిగే వయసులో రేచీకటి మొదలై చూపు తగ్గుతూ వస్తుంది. అరుదైనదే. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఇలాంటి జన్యు లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ, మన వైపు మేనరికాలు తక్కువేమీ కాదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ముందు తెలిస్తే చదువును దానికి తగినట్టు మలచుకోవచ్చు.

వినికిడి యంత్రం గురించి మీరు రాయలేదు. పాత ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష కాగితం ఉంటే తీయండి, రెండు మూడేళ్లు దాటితే మళ్లీ చేయించండి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ పనికే ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. యంత్రంతో తలుపు చప్పుడు, హారన్ లాంటివి తెలిసినా మంచిదే, పెట్టుకోనివ్వండి. దాంతో ఇంగ్లీషు మాటలు స్పష్టంగా వినబడతాయన్న ఆశ మాత్రం తొంభై డెసిబెళ్లు దాటిన లోపంలో, అంటే బాగా తీవ్రమైన చెవుడులో పెట్టుకోకండి. ఈ వయసులో లక్షలు పోసి ఆపరేషన్ చేయిస్తే మాటలొస్తాయని ఎవరైనా అంటే రెండో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. పుట్టుకతో వినపడని పిల్లలకు ఆ ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్, బాగా ఫలించేది మొదటి కొన్నేళ్లలోనే.

పరీక్షల పని బడి తెరిచిన మొదటి నెలలోనే మొదలుపెట్టండి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు ఉందో లేదో చూడండి, ఇదివరకు ఇచ్చిన సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంటే అదీ తీసి పెట్టండి. నలభై శాతానికి తగ్గని లోపం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద పై చదువుల్లో ఐదు శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ వర్తిస్తాయి. ఆ నాలుగులో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవాళ్లది. పదో తరగతి పరీక్షల్లో ఇచ్చే సడలింపులకు ప్రధానోపాధ్యాయుడి ద్వారా రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టే వారంలో పరుగెత్తితే పని కాదు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి ఐఈఆర్పీ టీచరును, అంటే ఆ పిల్లలకు చెప్పే ప్రత్యేక టీచరును కలవండి. సంజ్ఞలు వచ్చినవారైతే వారానికి రెండు రోజులు అడగండి. బడి బొత్తిగా కుదరకపోతే ఎన్ఐఓఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ దారి ఉంది. సెకండరీ స్థాయిలో భారతీయ సంజ్ఞా భాషను ఒక భాషా పాఠ్యాంశంగా తీసుకునే వీలు 2021 నుంచి వచ్చింది. తనకు వచ్చిన భాషలో మార్కులు తెచ్చుకోవడం ఆ పిల్లలకు ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. అలాగని ఇంగ్లీషు తప్పించుకోవడానికి దాన్ని వాడకండి.

ఫోను లాక్కోవద్దు. వీడియోల కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేలా పెట్టి క్రికెట్టో, వంటో, ట్రాక్టరు మరమ్మతో, తనకు నచ్చినది చూడనివ్వండి. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి యాప్ క్లాసులో టీచరు మాటలను అక్షరాలుగా చూపిస్తుంది, అయితే గోల ఉన్న చోట తప్పులు ఎక్కువ, దాన్నే పాఠంగా నమ్ముకోకూడదు.

ట్యూషన్ మాస్టారును మార్చాలా? వద్దు, ముందు మాట్లాడండి. బోర్డు మీద రాసి చెప్పమనండి, పదాల జాబితా ఆపి రోజుకు మూడు వాక్యాలు ఇవ్వమనండి, తమ్ముడి చేత ఆయనకు ముప్పై సంజ్ఞలు నేర్పించండి. ఒప్పుకుంటే ఆయన మీకు దొరికిన మంచి మనిషి. చేతులు కట్టుకుని కూర్చోమని మళ్లీ అంటే ఆ రోజే మాన్పించండి.

ఈ వారం ఊరికి వెళ్లినప్పుడు నోటు పుస్తకం తీసుకెళ్లి మొదటి వాక్యం మీరే రాయండి. ఇంట్లో జరుగుతున్న సంగతి ఏదైనా సరే, అతను ఇంతవరకు వినని సంగతి అయితే మరీ మంచిది. చివర ఒక ప్రశ్న పెట్టండి. ఏమి రాశాడో ఇక్కడ అలాగే, ఒక్క అక్షరం దిద్దకుండా పెట్టండి. దానికి ఎలా బదులు రాయాలో నేను చెబుతాను.